కారణం గడిలో నేను రాసింది

తమ్ముడూ,

నిన్న, పద్నాలుగో తేదీ గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి డెబ్బై రెండు గంటలు పూర్తయ్యాయి. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. కారణం దొరికింది. నువ్వు పెట్టిన కొత్త ప్రాసెసర్‌లో గానీ, దాన్ని బిగించిన తీరులో గానీ లోపం లేదు. తప్పు నీ చేతిది కాదు.

ఆశీస్సులకంటే ముందు వార్త రాశానని అమ్మ చూస్తే కోప్పడుతుంది. కానీ నువ్వు ఉత్తరం విప్పగానే వెతికేది ఆ మాటకోసమేనని నాకు తెలుసు. నీచేత వెతికించడం ఇష్టం లేకపోయింది. ఇప్పుడు ఆశీస్సులు. అమ్మ, నేను, మీ బావ ముగ్గురం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ చేతిరాత చూసి నమ్ముతున్నాను. ఒంట్లో బాగాలేనప్పుడు నీ అక్షరాలు కుడివైపుకి వాలిపోతాయి. ఈసారి నిటారుగానే ఉన్నాయి.

ఎనిమిదో తేదీ పడవలో వచ్చిన నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. చిన్నవాటికి ముందు జవాబులు.

అమ్మ మోకాలు: మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంది, ఎక్కేటప్పుడు లేదు. డాక్టరు మెట్లు తగ్గించమన్నాడు. "అయితే దిగడం మానేసి ఎక్కుతూనే ఉంటాను" అంది అమ్మ, ఆయన మొహం మీదే.

మీ బావ సిగరెట్లు: నా ఎదురుగా మానేశారు. మిగతా ఊరి సంగతి నేను ధ్రువీకరించలేను. బస్సు డిపోలో కొత్త టైమ్‌టేబుల్ వేస్తున్నారు. రోజుకి నలుగురు డ్రైవర్లు వచ్చి తిట్టి వెళ్తున్నారట. హుషారుగానే ఉన్నారు.

నీ గది: అవును, అమ్మ కుట్టుమిషన్ అందులోనే పెట్టింది. కిటికీ దగ్గర మిషన్, ఎదురు గోడకి నా కంప్యూటర్ బల్ల, మధ్యలో నీ మంచం. నువ్వొస్తే బయటికి పోయేది మిషనే గానీ మంచం కాదని నీకు రాయమంది.

నాలుగోది అసలు ప్రశ్న. నీ మాటలు నీ ముందే పెడతాను. "అక్కా, నిజం చెప్పు. నేను బిగించాకే కదా అది ఆగిపోవడం మొదలైంది? ఇక్కడ వాతావరణ కేంద్రం పెద్దాయన నన్ను పరికరాల మెకానిక్‌గా తీసుకుంటానంటున్నారు. ఇరవయ్యో తేదీకి చెప్పమన్నారు. నీ కంప్యూటర్ నావల్లే చెడిందంటే ఒప్పుకోను. స్టోర్‌లో డబ్బాలు సర్దుకుంటూ ఉండిపోతాను. ఈ దీవిలో గాలివేగం కొలిచే యంత్రం తప్పు చూపిస్తే పడవలు పోతాయి."

ఈ ప్రశ్న నాలుగుసార్లు చదివాను. రెండేళ్ళ కిందట మా పత్రిక ప్రెస్‌లో మెకానిక్ పని వదిలేశాక నువ్వు స్క్రూడ్రైవర్ పట్టింది అదే మొదటిసారి. అదీ నేను బతిమాలితే. అందుకని జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా రాస్తాను. నువ్వే చూసుకో.

పోయిన నెల పదిహేడున నువ్వు ప్రాసెసర్ మార్చావు. పంతొమ్మిదిన పడవెక్కావు. ఆ రెండు రోజులూ నేను దాన్ని వదల్లేదు. గంటసేపు రికార్డు చేసిన మాటల్ని అక్షరాల్లోకి మార్చడానికి పాతది గంటన్నర తీసుకునేది. నువ్వు పెట్టింది తొమ్మిది నిమిషాల్లో ముగించింది. గడియారం పెట్టుకుని చూశాను. ఇరవయ్యో తేదీ, ఆదివారం, పదకొండుంబావుకి ఓ పాత పడవ సరంగు ఇంటర్వ్యూ మొత్తం అక్షరాల్లోకి వచ్చేసింది. టీ పెట్టుకుందామని లేచాను. కప్పుతో తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, ముందు దీపం వెలుగుతోంది, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆ రోజే ఇంకో రెండుసార్లు అలా అయింది.

నా అలవాటు నీకు తెలుసు. నోట్‌బుక్ తీసి గళ్ళు గీశాను. తేదీ, సమయం, తెరమీద ఉన్న పని, ఆగిన తీరు, కారణం. మొత్తం ఐదు. ఈ నెల తొమ్మిదో తేదీ వరకు ముప్పై ఒక్క వరసలు నిండాయి. ఆ గళ్ళ గురించి మళ్ళీ చెప్తాను.

మొదటి వైద్యం మీ బావది. పెట్టె మూత తీసి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి దానికి ఎదురుగా పెట్టారు.

"మా డిపోలో బండి ఆగిందంటే రెండే కారణాలు. ఒకటి వేడి, రెండు డ్రైవరు."

"ఇక్కడ డ్రైవర్ని నేను" అన్నాను.

"అందుకే వేడి అంటున్నాను."

వారం రోజులు దానికి ఫ్యాను, మాకు చెమట. ఆగడం మాత్రం మానలేదు. తర్వాత ర్యామ్ ముక్కలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాం. విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాం. ఆ రోజు ఐదు గంటలపాటు అది పని చేస్తూనే ఉంది, ఒక్కసారీ ఆగలేదు. సంతోషపడి అందరం భోజనానికి కూర్చున్నాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి నల్లతెర.

అప్పుడు రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. తాళంచెవులు చేసే కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఉంటుంది, నువ్వు చూసే ఉంటావు. షాపు నడిపే పెద్దావిడని ఆ వీధంతా డాక్టరమ్మ అంటారు. మెడలో స్టెతస్కోపు బదులు భూతద్దం వేలాడుతూ ఉంటుంది. మీ బావ పెట్టెని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళారు. ఆవిడ ఆరు గంటలపాటు దానిమీద ఎంత బరువు పెట్టొచ్చో అంతా పెట్టి నడిపింది. ఆగలేదు. తీసుకొచ్చాం. ఇంటికొచ్చిన అరగంటకి ఆగింది. మళ్ళీ తీసుకెళ్ళాం. ఈసారి ఇంకా గట్టి పరీక్షలు పెట్టింది. ఆగలేదు.

"దీనికి మా షాపంటే ఇష్టంలా ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "లేదా మీ ఇల్లంటే కోపం."

ఎనిమిదో తేదీ సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. పైకి చదివాను. అమ్మ బొత్తాల డబ్బా మూత పెట్టి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం. అమ్మ కిటికీ దగ్గర పొరుగావిడ కోటుకి అంచు కుడుతోంది. నేను వీధి గుమ్మంలో పోస్టతనితో మాట్లాడి లోపలికొచ్చాను. తెర నల్లగా ఉంది. నోటికొచ్చిన మాట అనేశాను. అదేమిటో ఇక్కడ రాయను.

అమ్మ పంటికింద ఉన్న దారం తీసి, "ఎందుకే దాన్ని తిడతావు? నువ్వు కుర్చీలో ఉన్నంతసేపూ బాగానే ఉందిగా" అంది.

"ఏం బాగుందమ్మా, ఇప్పుడే కదా ఆగింది."

"నువ్వు లేచి వెళ్ళాక ఆగింది. నిన్నా అంతే. మొన్న ఫోను మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళావే, అప్పుడూ అంతే. నువ్వు టకటక కొడుతుండగా అది ఆగడం నేనొక్కసారీ చూళ్ళేదు."

"నేను లేచానని దానికెలా తెలుస్తుందమ్మా?"

"నాకేం తెలుసు? విలేకరివి నువ్వు."

నేను నవ్వబోయి ఆగాను. నేనేమో గోడవైపు తిరిగి కూర్చుంటాను, ఆ గదిలో రోజంతా తెరకి ఎదురుగా కూర్చున్న మనిషి అమ్మ. ఇరవై రోజులుగా నేను అడగని ఏకైక సాక్షి.

నోట్‌బుక్ తీశాను. "సమయం" గడిలో నేను రాసింది అది ఆగిన సమయం కాదు, వచ్చి చూసిన సమయం. "తెరమీద ఉన్న పని" గడిలో రాసింది అప్పటికే ముగిసిపోయిన పని పేరు. ప్రోగ్రామ్ తెరిచి ఉంది కాబట్టి పని జరుగుతోందని రాసేశాను. పని జరగనప్పుడు రాయాల్సింది కూడా ఉంటుందని నాకు తట్టలేదు. మా వృత్తిలో ఏమీ జరగని చోటికి విలేకరిని పంపరు.

మీ బావని పిలిచాను. సంగతి విని ఆయన వాచీ విప్పి బల్లమీద పెట్టారు. ముందు మూడు రికార్డింగులు ఒకేసారి ఇచ్చి అరగంట నడిపించాం. ఆగలేదు. తర్వాత పని ఆపేసి ముగ్గురం నీ మంచం అంచున వరసగా కూర్చుని, ఏ పనీ చెయ్యని కంప్యూటర్ని చూడటం మొదలుపెట్టాం.

"దగ్గొస్తే దగ్గొచ్చా?" అంది అమ్మ.

"దగ్గండి అత్తయ్యా. మౌసు మాత్రం ముట్టుకోకండి."

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు కూర్చోలేదు."

పదిహేడో నిమిషంలో తెర నల్లబడింది. "పదకొండు ఇరవై రెండు" అని మీ బావ బస్సు బయల్దేరినట్టు ప్రకటించారు. ముగ్గురం చప్పట్లు కొట్టాం. యంత్రం చచ్చిపోతే చప్పట్లు కొట్టిన కుటుంబం మనదొక్కటే అయ్యుంటుంది. మళ్ళీ చేశాం. ఖాళీగా వదిలినప్పుడు ఒకసారి ఇరవై ఆరు నిమిషాలకి, ఒకసారి తొమ్మిది నిమిషాలకి ఆగింది. పని ఇచ్చినప్పుడు సున్నా.

తర్వాత ముప్పై ఒక్క వరసలూ ఒక్కొక్కటి తీసి, అమ్మనీ, బావనీ, ఫోనులో కాల్స్ జాబితానీ అడిగి సరిచూశాను. ఇరవై ఏడుసార్లు నేను కుర్చీలో లేను. మిగతా నాలుగింటి సంగతి ఎవరికీ గుర్తు లేదు. తెలియదనే రాశాను.

సోమవారం పొద్దున పెట్టెతో షాపుకి వెళ్ళాం. "ఈసారి దీన్ని పరీక్షించకండి. ఊరికే వదిలెయ్యండి" అన్నాను. డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. వదిలేసింది. పన్నెండూ నలభైకి, ఆవిడ కళ్ళముందే, తెర నల్లబడింది.

"ఓసి నీ..." అని, నన్ను చూసి ఆగిపోయింది. మూత విప్పింది. "ఈ పవర్ సప్లై ఎప్పటిదమ్మా?"

"తొమ్మిదేళ్ళు."

"ఇంకేం." భూతద్దం తీసి స్టూలు లాక్కుని కూర్చుంది. "చూడండి. ఇలాంటి కొత్త ప్రాసెసర్లు పని లేదంటే గాఢ నిద్రలోకి పోతాయి. ఆ నిద్రలో చుక్కంత కరెంటు చాలు. గోడలోంచి వచ్చే కరెంటుని దీనికి పంచిపెట్టేది ఈ పవర్ సప్లై. పాతకాలంది. బోలెడు ఇవ్వమంటే ఇస్తుంది, చుక్క ఇవ్వమంటే తడబడుతుంది. అది తడబడగానే ఇది పోతుంది. నేనేమో రెండుసార్లూ దీన్ని పరిగెత్తించి చూశాను. పడుకోబెట్టి చూడలేదు."

మదర్‌బోర్డులో దీనికో సెట్టింగు ఉందట. నిద్రలో కూడా కరెంటు మరీ తగ్గిపోకుండా చూసేది. అది మార్చి, మూడూ పదికి మళ్ళీ ఖాళీగా వదిలింది.

మూత పెట్టబోతూ అడిగింది: "ప్రాసెసర్ ఎవరు బిగించారు?"

"మా తమ్ముడు."

"ఏ షాపులో?"

"షాపు కాదు. దూరంగా దీవిలో ఉంటాడు. స్టోర్‌లో పని."

"స్టోర్‌లోనా?" డాక్టరమ్మ షాపులో పనిచేసే కుర్రాళ్ళిద్దర్నీ పిలిచింది. పెట్టెలో వేలు పెట్టి చూపించింది. తను ప్రాసెసర్ని విప్పి చూసినప్పుడు, వేడి లాగడానికి దానిమీద పూసే పేస్ట్ అంచునుంచి అంచుకి ఒకే మందంలో ఉందట. వైర్లన్నీ దారంతో కట్టి ఉన్నాయి, ప్రతి దానికీ చిన్న చీటీ. "ఏది ఎక్కడ పెట్టాలో చీకట్లో కూడా తెలుస్తుంది. పదేళ్ళుగా ఇది చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఈ పిల్లాడు ఎవరో డబ్బాలు మోస్తున్నాడట!"

ఈ మాటలకి సాక్షి మీ బావ. నేను ఒక్క మాట కూడా కలపలేదు.

డెబ్బై రెండు గంటలు కావాలని నేనే అడిగాను. షాపులో ఓ మూల పెట్టి పైన చీటీ అంటించింది: "ముట్టుకోవద్దు. ఖాళీగా ఉండటమే దీని పని." అది చదివి ఓ లాండ్రీ ఖాతాదారు "ఇలాంటి ఉద్యోగాలు ఇంకా ఉన్నాయా?" అని అడిగి వెళ్ళాడట. రోజుకి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. నిన్న మూడూ పదికి లెక్క పూర్తయింది.

ఒక్క పక్క విని వార్త రాయకూడదు కాబట్టి, ఆ తర్వాత సెట్టింగుని పాతదానికి మార్చి చూపించమన్నాను.

"మీ ఆయన మీతో ఎలా వేగుతున్నాడమ్మా?" అంది డాక్టరమ్మ.

"బస్సులకి టైమ్‌టేబుల్ వేస్తారు. ఓపిక ఎక్కువ."

మార్చింది. ముప్పై ఎనిమిది నిమిషాలకి ఆగింది. మళ్ళీ కొత్త సెట్టింగు పెట్టింది. రాత్రి ఇంటికి తెచ్చాం. ఈ ఉత్తరం రాస్తున్న బల్లమీదే ఉంది, ఖాళీగా, బతికే. ఈ సెట్టింగుతోనే ఏళ్ళు నడుస్తుందట. అయినా కొత్త పవర్ సప్లై ఒకటి తెచ్చి ఉంచాను. తను బిగిస్తానంది డాక్టరమ్మ. వద్దన్నాను. అట్టపెట్టె విప్పకుండా నీ మంచం కింద పెట్టాను. సెలవుకి వచ్చినప్పుడు నువ్వు బిగించు.

కృతజ్ఞత అనే మాట వార్తల్లో వాడనివ్వను, అది వాడినచోట సాధారణంగా ఏమీ ఉండదు. ఉత్తరంలో వాడతాను. అమ్మకి, చూసింది చూసినట్టు చెప్పినందుకు. మీ బావకి, ఎనిమిది కిలోల పెట్టెని ఆరుసార్లు బస్సులో ఒళ్ళో మోసినందుకు, ఒక్కసారి కూడా నోట్‌బుక్‌ని వెక్కిరించనందుకు. డాక్టరమ్మకి, తన పరీక్షే తప్పని కుర్రాళ్ళ ముందే ఒప్పుకున్నందుకు. నీకు, ఇరవై రోజుల సెలవులో రెండు రోజులు ఆ పెట్టె ముందు వంగి కూర్చున్నందుకు. నీ పుణ్యమా అని మూడేళ్ళుగా పోగుపడ్డ రికార్డింగుల్లో సగం ఇప్పటికే అక్షరాల్లో ఉన్నాయి. ఇన్నిసార్లు ఆగినా సగం అయ్యాయంటే అది పరిగెత్తే వేగం నువ్వే ఊహించుకో.

ఇక్కడితో ముగిస్తే మంచి ఉత్తరం అవుతుంది. నిజమైన ఉత్తరం అవ్వదు.

ఒకటి. పదిహేడున నువ్వు మూత తెరిచి చూసి, "అక్కా, ఈ పవర్ సప్లై పాతదైపోయింది, ఇది కూడా మార్చేద్దామా?" అన్నావు. "నడిచేదాన్ని కదపడం ఎందుకురా" అన్నాను. కాసేపాగి నువ్వు మళ్ళీ అడిగావు. నేను మళ్ళీ వద్దన్నాను. సోమవారం డాక్టరమ్మ ఆ మాట అనేదాకా ఇది నాకు గుర్తుకి రాలేదు. గుర్తుకి తెచ్చుకునే ప్రయత్నం చెయ్యలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఆ సాయంత్రం అమ్మకి చెప్తే, "అడిగాడుగా వాడు, రెండుసార్లు. నేను విన్నాను" అంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

రెండు. నోట్‌బుక్‌లో ఐదో గడి. కారణం. మొదటి రోజు, మొదటి వరసలో, ఏ పరీక్షా చెయ్యకముందే, ఇంకుతో రాశాను: "తమ్ముడు బిగించినది." దానికింద ప్రతి వరసలోనూ డిట్టో గీతలు. ముప్పై. రెండో తేదీ పడవలో నీకు రాసిన ఉత్తరంలో "చిన్న ఇబ్బంది, కారణం వెతుకుతున్నాం" అన్నాను. అది అబద్ధం. కారణం అప్పటికే రాసేసుకున్నాను, వెతుకుతున్నది రుజువు. ఆ పేజీ చింపలేదు. చింపితే నీకు చెప్పడం తేలికవుతుంది, అందుకే చింపలేదు. దీంతోపాటే పంపుతున్నాను.

మూడోది రాయడానికి నిన్నటినుంచి కాగితాలు పాడుచేస్తున్నాను.

రెండేళ్ళ కిందట ఆ సాయంత్రం కింద ప్రెస్ ఆగిపోయి, మర్నాడు పత్రిక రాకుండా పోయినప్పుడు, నేను పై అంతస్తులో డెస్క్ దగ్గరే ఉన్నాను. మేనేజరు వరండాలో నన్నాపి, "మీ తమ్ముడు కంట్రోల్ బోర్డులో వైర్లు తప్పు కలిపాడండీ" అన్నాడు. ఒక మనిషి, ఒక వాక్యం. నేను ఇంటికొచ్చాను. నువ్వు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నావు. నీ ముందు అన్నం చల్లారిపోయి ఉంది. "పోనీలేరా, అయిందేదో అయింది" అన్నాను. నువ్వు తలెత్తి నావైపు చూశావు. ఏదో అనబోయావు. నేను కంచం తీసి వేడిచెయ్యడానికి వెళ్ళిపోయాను. మూడోరోజు నువ్వు ఉద్యోగం వదిలేశావు.

ఇన్నాళ్ళూ ఆ మాటని ఆప్యాయత అనుకున్నాను. అది తీర్పు. ఎవరిమీదైనా ఆరోపణ వస్తే ఆ మనిషి మాట లేకుండా వార్తని డెస్క్ దాటనివ్వను. ఇరవై ఎనిమిదేళ్ళుగా దొంగల్ని అడిగాను, మంత్రుల్ని అడిగాను, పేకాట ఆడుతూ దొరికిన పోలీసుని కూడా "మీరేమంటారు?" అని అడిగాను. ఇంట్లో అన్నం ముందు కూర్చున్న తమ్ముణ్ణి అడగలేదు.

ప్రెస్‌లో తప్పు నీదో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. కంప్యూటర్ సంగతి నీకు అనుకూలంగా తేలింది కాబట్టి అదీ అలాగే ఉంటుందని రాస్తే, అది ఇంకో డిట్టో గీత అవుతుంది. నువ్వే తప్పు కలిపి ఉండొచ్చు. కలపకపోయి ఉండొచ్చు. తెలియకుండానే రెండేళ్ళు తెలిసినట్టు బతికాను, దానికి క్షమించమని అడుగుతున్నాను.

కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాను. ఆ సాయంత్రం ఏం జరిగింది? నువ్వు ఎన్ని గంటలకి కిందికి వెళ్ళావు, బోర్డు ఎవరు తెరిచారు, నీకంటే ముందు ఎవరు ముట్టుకున్నారు, నీ పక్కన ఎవరున్నారు? గుర్తున్నది గుర్తున్నట్టు రాయి. గుర్తు లేనిది లేదని రాయి. నీ తప్పే అయితే అదీ రాయి, నీ చేతులమీద నమ్మకం దానివల్ల తగ్గదు. డాక్టరమ్మ కూడా రెండుసార్లు తప్పు పరీక్ష చేసింది, సోమవారం మళ్ళీ షాపు తెరిచింది.

ఆ ఉద్యోగం ఒప్పుకోమని నేను చెప్పను. నీకు కావల్సింది ఒక వాస్తవం, అది మొదటి పేరాలో ఇచ్చాను. నిర్ణయం నీది. అమ్మ మాత్రం నాలాగా తటస్థంగా లేదు. ఇప్పుడే నా భుజం మీదుగా వంగి చదివి, "రాయి వాడికి, డబ్బాలు ఎవరైనా సర్దుతారని" అంది. రాశాను. ఆశీస్సులు ముందు రాయనందుకు తిట్టింది కూడా.

రేపు, పదహారో తేదీ శనివారం, ఉదయం ఏడింటికి పడవ. ఉత్తరం మీ బావ స్వయంగా సరంగు చేతిలో పెడతారు. ఆదివారం సాయంత్రానికి నీకు అందుతుంది. ఇరవై, బుధవారం, తొమ్మిది గంటలకి పెద్దాయన నీ జవాబు అడుగుతారు. ఇరవై ఒకటిన అదే పడవ తిరుగు ప్రయాణం, ఇరవై రెండు మధ్యాహ్నానికి ఇక్కడి రేవులో ఉంటుంది. దానికోసం నేను సెలవు పెట్టాను. ఆ రోజు ప్రెస్‌లో డ్యూటీలో ఉన్న ఫోర్‌మన్ ఇరవై మూడు, శనివారం, నాలుగు గంటలకి మాట్లాడతానన్నాడు. అతని దగ్గరికి వెళ్ళేముందు నీ మాట చదువుతాను.

ఇట్లు,
రెండేళ్ళు ఆలస్యంగా అడుగుతున్న
నీ అక్క